పాత బండి హెడ్ గ్యాస్కెట్: సుంకి ఘాట్ ఎక్కేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రాలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వచ్చే దారిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక పాత బండి బానెట్ ఎత్తి ఆవిరి కక్కుతూ ఆగి ఉంటుంది. చాలావాటికి హోస్ పైపో, ఫ్యాన్ బెల్టో పోయి ఉంటుంది. కొన్నిటికి మాత్రం నిజంగానే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. మనవైపు వచ్చిన చిక్కేంటంటే, బండి వేడెక్కిందని చెప్పగానే ఏమీ చూడకుండా "హెడ్ దించాలి" అనేసే షెడ్లు కొన్ని. నిజంగా పోయిన బండికి గ్యాస్కెట్ మాత్రం మార్చి, అది ఎందుకు పోయిందో చూడకుండా పంపేసేవి ఇంకొన్ని. రెండింటిలోనూ నష్టపోయేది బండి ఓనరే. జీపులు, ట్రెక్కర్లు, మారుతీ 800, ఓమ్నీ, అంబాసిడర్, పాత సుమో, బొలేరో నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కొత్త బళ్లకి ఇందులో కొన్ని వర్తించవు.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఏంటి? అంత చిన్న ముక్కకి ఇంత రాద్ధాంతం ఎందుకు?

ఇంజన్‌లో కింద బ్లాక్, పైన హెడ్. రెంటి మధ్య బిగించే పల్చటి ప్యాకింగే హెడ్ గ్యాస్కెట్. సిలిండర్‌లో మండే గ్యాస్‌ని, పక్క దారుల్లో తిరిగే కూలెంట్‌ని, ఇంకో దారిలో పైకెళ్లే ఆయిల్‌ని ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది అదే. ఈ మూడింట్లో ఏ రెండు కలిసినా గొడవే, ఏవి కలిశాయన్న దాన్ని బట్టి గుర్తులు మారుతుంటాయి. గ్యాస్కెట్ ఖరీదు పెద్దదేం కాదు గానీ, దాని దగ్గరికి చేరాలంటే సగం ఇంజన్ విప్పాలి. రాద్ధాంతం అందుకే.

పోయిందని ఎలా తెలుస్తుంది?

ఒకే గుర్తు చూసి తీర్మానించకండి. కనీసం రెండు మూడు కలిసి కనబడాలి.

రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతుంటాయి కానీ కింద చుక్క పడదు, పైపులు పొడిగానే ఉంటాయి. ఇది బలమైన గుర్తు, ఎందుకంటే ఆ నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతున్నాయని అర్థం. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ, కూలెంట్ పోసిన బండైతే అందులో కాస్త తియ్యటి వాసన, ఇవి ఇంకో గుర్తు. రాత్రంతా ఆగిన బండి పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే ఒక సిలిండర్ మిస్ కొడుతూ గొరగొరమని, కాసేపటికి సర్దుకుంటే, రాత్రి ఆ సిలిండర్‌లోకి నీళ్లు కారాయేమోనని అనుమానించాలి. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే నీళ్లూ ఆయిలూ కలిశాయి. పైన చెప్పినవేవీ లేకుండా, ఘాట్‌లో మాత్రమే వేడెక్కి, చదును రోడ్డు మీద మామూలుగా ఉంటే తొందరపడొద్దు, అది చాలాసార్లు రేడియేటర్ గొడవే.

నేను ఎక్కువ నమ్మేది పై హోస్ పైపుని. రాత్రంతా ఆగి చల్లబడ్డ బండి స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై పైపు చేత్తో పిసికి చూడండి. నీళ్లింకా చల్లగా ఉండగానే పైపు రాయిలా గట్టిపడిందంటే ఆ ప్రెషర్ వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. చేతిని ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే తెల్ల పొగ వస్తోంది. పోయినట్టేనా?

సిమిలిగుడలోనో పొట్టంగిలోనో డిసెంబర్ పొద్దున్న తెల్ల పొగ రాని బండే ఉండదు. సైలెన్సర్‌లో పేరుకున్న తేమ ఆవిరవుతుంది, అంతే. నాలుగైదు కిలోమీటర్లు నడిపాక ఆగిపోతే వదిలేయండి. పాత డీజిల్ బండైతే ఇంకో మెలిక కూడా ఉంది: ఇంజెక్టర్ సరిగ్గా చిమ్మకపోయినా, హీటర్ ప్లగ్గులు పోయినా మండని డీజిల్ తెల్లగా వస్తుంది. అది కళ్లు మండిస్తుంది, డీజిల్ వాసన కొడుతుంది. నీటి ఆవిరికి ఆ ఘాటు ఉండదు, గాల్లో తొందరగా మాయమైపోతుంది.

ఆయిల్ పోసే మూత కింద మీగడలా పేరుకుంది, ఆయిల్ మాత్రం బానే ఉంది?

ఊళ్లోనే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండికి, అందులోనూ కొండ మీది చలిలో, అలా పేరుకోవడం మామూలే. ఇంజన్ సరిగ్గా వేడెక్కక లోపలి తేమ మూత దగ్గర చేరుతుంది. మూత తుడిచి, ఒకసారి జయపురం దాకా వెళ్లొచ్చి మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ మీది ఆయిల్ శుభ్రంగా ఉండి, నీళ్లు తగ్గకపోతే భయం లేదు. ఆయిల్ మట్టం దానంతటదే పెరుగుతుంటే మాత్రం భయపడాల్సిందే, ఆ బండి ఇంక స్టార్ట్ చేయొద్దు.

ఆయిల్ కూలర్ ఉన్న డీజిల్ ఇంజన్లలో కూలర్ చిల్లిపడినా ఆయిల్, నీళ్లు కలుస్తాయి. అది చూడకుండా హెడ్ దించితే పని దండగ, డబ్బు దండగ.

ఘాట్ మధ్యలో ముల్లు ఎర్ర గీతకి చేరింది. ఏం చేయాలి?

ముందు ఏసీ ఆపండి. హీటర్ ఉంటే ఫుల్ పెట్టండి, లోపల ఉడికిపోయినా సరే, అది చిన్న రేడియేటర్‌లా కొంత వేడి లాగేస్తుంది. మలుపులో కాకుండా వెడల్పున్న చోట పక్కకి ఆపండి. ఆవిరి రావట్లేదు, నీళ్లు పోలేదు అనిపిస్తే ఇంజన్ వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి, పంపూ ఫ్యానూ తిరుగుతూ ఉంటే వేడి మెల్లగా దిగుతుంది. ముల్లు దిగకపోయినా, ఆవిరి కక్కుతున్నా, నీళ్లు పోయాయని తెలిసినా వెంటనే కీ తిప్పి ఇంజన్ ఆపేయడమే. నీళ్లు లేని ఇంజన్‌ని "ఇంకొక్క మలుపు" అని నడిపితే గ్యాస్కెట్‌తో పోయేది హెడ్ దాకా వెళ్తుంది.

నీళ్లు పూర్తిగా పోయినప్పుడు ముల్లు కిందికి పడిపోయి కూడా కనబడుతుంది, ఎందుకంటే సెన్సార్ ఆవిరిలో తేలుతుంటుంది. చల్లబడిందనుకుని బయల్దేరకండి.

మూత ఇప్పుడే తీయొద్దు. ముప్పావు గంటో గంటో ఆగాలి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ప్రెషర్ పట్టి ఉంచడం వల్లే అవి మరగకుండా ఆగుతున్నాయి. వేడి మీద మూత తిప్పితే ఆ ప్రెషర్ ఒక్కసారిగా పోయి మరుగునీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఘాట్‌లో చేతులు, మొహాలు కాలిన క్లీనర్లు ఊరికొకరు ఉంటారు.

చల్లబడ్డాక కూడా పక్కనున్న గెడ్డ (వాగు) లోంచి చన్నీళ్లు ముంచి గబగబా పోసేయకండి. కాగిన పెనం మీద చన్నీళ్లు పోసినట్టే, అల్యూమినియం హెడ్ పగలొచ్చు. ఇంజన్ మీద చేయి ఆనే దాకా ఆగి, కొద్దికొద్దిగా పోయండి.

మనవైపు బళ్లకే ఎందుకింత ఎక్కువ పోతుంది?

గ్యాస్కెట్ దానంతటది పోవడం తక్కువ. వేడి దాన్ని చంపుతుంది. చాలా పాత ఇంజన్లలో బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో గ్యాస్కెట్ ఈ తేడాని సర్దుకుంటుంది, వేడి హద్దు దాటితే హెడ్ వంకర తిరిగి, రెండు సిలిండర్ల మధ్య సన్నటి చోట పట్టు వదిలేస్తుంది.

ఇక వేడెక్కడానికి కారణాలంటారా, ఇక్కడ కొదవ లేదు. కుందులి సంత రోజు ట్రెక్కర్‌లో ఎక్కించే మనుషుల్ని, మూటల్ని చూస్తే ఇంజన్ మీద జాలేస్తుంది. ఆ బరువుతో సెకండ్ గేర్లో ఎక్కాల్సిన చోట థర్డ్‌లో లాగిస్తారు. ఇంజన్ గుంజుకుంటూ నెమ్మదిగా తిరుగుతుంది, ఫ్యానూ పంపూ కూడా నెమ్మదిస్తాయి, బండి వేగం లేక గాలి రాదు. వేడి పుట్టడం ఎక్కువ, పోవడం తక్కువ.

రెండోది నీళ్లు. కూలెంట్ దండగని బోరు నీళ్లు, గెడ్డ నీళ్లు పోస్తారు. బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో గట్టిగా పట్టేస్తుంది, గెడ్డ నీళ్లతో మట్టి చేరుతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందు ఉంటుంది. ఉత్తి నీళ్లతో ఏళ్లు నడిచిన హెడ్‌లో నీటి దారుల చుట్టూ అల్యూమినియం తినేసి గుంటలు పడతాయి, ఆ గుంటల మీద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. డిస్టిల్డ్ వాటర్, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపి పోస్తే చాలు. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగేస్తాయి. కింద పారబోయకండి.

మిగతావి మీకు తెలిసినవే: రబ్బరు వాషర్ పోయిన రేడియేటర్ మూత, వదులు బెల్టు, రెక్కలు తుప్పుపట్టిన వాటర్ పంపు, ఇరుక్కున్న థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్ల దారి తెరిచే వాల్వు), పట్టు తప్పిన విస్కస్ ఫ్యాన్ (వేడెక్కినప్పుడే గట్టిగా పట్టుకుని తిరిగేది).

హెడ్ దించే ముందు ఏ పరీక్షలు చేయించాలి?

ఇక్కడ మొహమాటపడకండి. మెకానిక్‌ని గట్టిగా అడగండి, పెద్దాయనైతే "మాస్టారూ, ఒకసారి గేజ్ పెట్టి చూద్దాం" అనండి, కోపగించుకోరు.

మొదటిది బుడగలు. చల్లటి ఇంజన్‌కి మూత తీసి, నీళ్లు నిండుగా పోసి స్టార్ట్ చేయండి. మొదట్లో ఒకటో రెండో బుడగలు రావడం మామూలు, లోపలున్న గాలి బయటికొస్తుంది. రేస్ ఇచ్చినప్పుడల్లా బుడగలు వరసగా, ఆగకుండా వస్తూ, నీళ్లు పైకి పొంగుతుంటే సిలిండర్‌లోంచి గ్యాస్ వస్తోంది. పెట్రోలు బండైతే ఒక్కో ప్లగ్గు కనెక్షన్ తీస్తూ చూస్తే ఏ సిలిండర్ దగ్గర బుడగలు తగ్గాయో కూడా తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న) బళ్లకి ఇది చేయొద్దు, కాయిల్ పోతుంది.

రెండోది నీలం మందు పరీక్ష. గాజు గొట్టంలో నీలం ద్రావణం పోసి రేడియేటర్ నోటి మీద పెట్టి, లోపలి గాలిని దానిగుండా లాగుతారు. మండిన గ్యాస్ ఉంటే పెట్రోలు బండికి పసుపు రంగుకి, డీజిల్‌కి ఆకుపచ్చ వైపుకి మారుతుంది. గొట్టంలోకి కూలెంట్ లాగకూడదు, అందుకని ముందే నీళ్లు కొంచెం తగ్గించుకోవాలి. మన ఊళ్ల షెడ్లలో ఈ కిట్ అరుదు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పాత బళ్లు రెండు మూడు ఉన్నవాళ్లు కొని పెట్టుకోవడం మంచిది.

మూడోది కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ప్రెషర్ పుట్టిస్తోందో గేజ్‌తో చూడటం. అన్ని ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ తిప్పుతూ ఒక్కో సిలిండర్ చూడాలి. పెట్రోలుకి 150 పీఎస్ఐ చుట్టుపక్కల, డీజిల్‌కి 350 నుంచి 450 దాకా వస్తుంటుంది, మీ ఇంజన్‌కి సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే, ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ కాలిందని దాదాపు ఖాయం. ఒక్కటే తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ. డీజిల్‌కి పెట్రోలు గేజ్ పెడితే గేజే పోతుంది.

ఇంకా అనుమానం మిగిలితే రేడియేటర్‌కి చేతి పంపుతో మూత మీద రాసిన ప్రెషర్ దాకా కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ప్లగ్గులు తీసి సెల్ఫ్ తిప్పితే, ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే అదే.

థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందంటున్నాడు మా మెకానిక్?

తీయించకండి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు అడుగు పళ్లెం బైపాస్ దారిని మూసేస్తుంది, తీసేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండా లోపలే తిరిగి ఇంకా వేడెక్కుతుంది. మిగతావాటిలో కొండ మీది చలికి ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కక డీజిల్ తాగేస్తుంది. పాతదాన్ని గిన్నెలో నీళ్లు మరిగిస్తూ వేలాడదీసి చూడండి, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటే బానే ఉన్నట్టు.

రేడియేటర్‌లో పసుపు పోస్తే ఆగుతుందా? స్టాప్ లీక్ మందు?

రేడియేటర్‌కి సూదిబెజ్జమంత చిల్లి ఉంటే పసుపు తాత్కాలికంగా ఆపుతుంది, అది నిజమే, మన డ్రైవర్లు ఏళ్లుగా చేస్తున్నదే. మంట పుట్టే చోట, అంత ప్రెషర్ ముందు పసుపు ఏం నిలుస్తుంది? స్టాప్ లీక్ మందు కొన్నాళ్లు ఆపొచ్చు, అదే మందు రేడియేటర్ సన్న గొట్టాల్లో, హీటర్‌లో కూడా గడ్డకడుతుంది. అమ్మేసే బండికి కొందరు పోస్తారు. మీరు పాత బండి కొనేవాళ్లైతే రేడియేటర్ మూత తీసి లోపల మెరుపు పొడి, బంక లాంటిది ఉందేమో వేలు పెట్టి చూడండి.

పోయిందని తేలింది. రాయగడ నుంచి పార్వతీపురం దాకా నడిపించుకుని వెళ్లిపోవచ్చా?

వద్దు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే బేరింగులు అరగడానికి ఎన్నో కిలోమీటర్లు పట్టదు. సిలిండర్‌లో నీళ్లు నిలిచి ఉండగా సెల్ఫ్ కొడితే, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. లాగించుకుని వెళ్లండి. ఆ ఖర్చు చూసి బాధపడి హాఫ్ ఇంజన్ పని (కింది పిస్టన్లు, బేరింగుల దాకా విప్పే పని) తెచ్చుకున్నవాళ్లున్నారు.

హెడ్ దించేటప్పుడు నేను పక్కనే ఉండి ఏం గమనించాలి?

ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. వేడి మీద బోల్టులు వదులు చేస్తే బాగున్న హెడ్ కూడా వంకర పోతుంది. బ్యాటరీ తీసి, కూలెంట్ కిందికి వదిలి, మానిఫోల్డులు, పైపులు విప్పాక, టైమింగ్ బెల్టు ఉన్న బండైతే గుర్తులు కలిపి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పుష్ రాడ్లు ఉన్న పాత డీజిల్ అయితే అట్టముక్కకి వరసగా చిల్లులు పెట్టి ఏ రాడ్ ఎక్కడిదో అక్కడే గుచ్చమనండి. హెడ్ బోల్టులు చివర్ల నుంచి మధ్యకి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒక వైపు నుంచి వరసగా ఊడబీకుతుంటే ఆపండి.

హెడ్ అంటుకుపోయి రాకపోతే రెంటి మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు. ఆ గీత జన్మలో పోదు.

హెడ్ దించాక ఏం చూడాలి?

అందరూ వెంటనే పాత గ్యాస్కెట్‌ని మూలకి విసిరేస్తారు. అడిగి తీసుకోండి, వెలుతుర్లో పెట్టి చూడండి, కథంతా దాని మీదే ఉంటుంది. సిలిండర్ రంధ్రం చుట్టూ సన్నటి స్టీలు రింగు ఉంటుంది. రెండు, మూడు సిలిండర్ల మధ్య అది కాలి తెగిపోయి, నల్లటి మసి గీత ఇటు నుంచి అటు పాకి ఉంటే గ్యాస్ అక్కడ దాటింది. మసి గీత నీటి రంధ్రం వైపు వెళ్తే బుడగలు వచ్చింది అందుకే. ఆ తర్వాత పిస్టన్ల తలలు చూడండి: మూడింటి మీద నల్లటి మసి ఉండి, ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకే నీళ్లు పడుతున్నాయి, ఆవిరి దాన్ని శుభ్రం చేసింది. గ్యాస్కెట్ ఎక్కడా తెగకుండా శుభ్రంగా ఉండి, ఒక పిస్టన్ మాత్రం మెరుస్తుంటే హెడ్‌లో చీలిక ఉందేమో అనుమానించాలి. వాల్వుల మధ్య వంతెనలాంటి సన్నటి చోట చీలికలు ఎక్కువ వస్తాయి, డై పెనెట్రంట్ స్ప్రే (చీలికల్లోకి దూరే రంగు మందు) కొడితే ఎర్ర గీతలా తేలుతుంది.

ఫేసింగ్ తప్పనిసరా?

ముందు కొలవాలి, తర్వాత ఫేసింగ్, అంటే హెడ్ కింది ముఖాన్ని మిషన్ మీద కోసి చదును చేయడం. స్ట్రెయిట్ ఎడ్జ్ పట్టీని హెడ్ మీద పొడవుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి రెండు వైపులా పెట్టి, కింద ఫిల్లర్ గేజ్ (సన్నటి కొలత రేకు) దూరుతుందేమో చూడాలి. చిన్న పెట్రోలు ఇంజన్లకి 0.05 మిల్లీమీటర్లు దాటితే వంకర కిందే లెక్క, పెద్దవాటికి 0.10 దాకా ఒప్పుకునేవి ఉన్నాయి, మాన్యువల్ మాటే ఫైనల్. బ్లాక్ పై ముఖం కూడా అలాగే చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

వంకర ఉంటే లేత్ షెడ్‌కి పంపాల్సిందే. జయపురం, రాయగడల్లో అవ్వకపోతే సాలూరు, లారీల ఊరు కాబట్టి ఇంజన్ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. కాకపోతే ఎంత కోశారో అడగండి. ఎక్కువ కోస్తే కంప్రెషన్ పెరుగుతుంది, ఓవర్‌హెడ్ క్యామ్ ఉంటే టైమింగ్ కొంచెం తప్పుతుంది, డీజిల్ బళ్లకి వాల్వులు పిస్టన్‌కి తగిలే ప్రమాదం. ఇదివరకే రెండుసార్లు ఫేసింగ్ అయిన హెడ్‌కి మూడోసారి కోయించడం కన్నా వేరే హెడ్ వెతుక్కోవడం మేలు. ఫేసింగ్‌కి ముందే హెడ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించండి, పగిలిన హెడ్‌కి ఫేసింగ్ డబ్బులు ఎందుకు?

ఇసుక కాయితం చుట్టిన చెక్కతోనో, గ్రైండర్ మీద ఎమెరీ పళ్లెంతోనో రుద్ది "ఫేసింగ్ అయిపోయింది" అనేవాళ్లకి దండం పెట్టి బయటికొచ్చేయండి. ఉపరితలం గుంటలు పడటం ఒకటి, ఆ పొడి ఆయిల్ దారుల్లోకి వెళ్లి బేరింగుల్ని తినేయడం రెండోది.

గ్యాస్కెట్ ఏది కొనాలి? గమ్ పూయాలా?

కంపెనీది, లేదా టాల్‌బ్రోస్, విక్టర్ లాంటి పేరున్నది, బిల్లుతో. ఒకే ఇంజన్‌కి కూడా మందం తేడాతో రెండు మూడు రకాలుండొచ్చు. డీజిల్ గ్యాస్కెట్ అంచున గాట్లో, రంధ్రాలో ఉంటాయి, అవి మందం గుర్తులు. పిస్టన్ బ్లాక్ పైకి ఎంత లేస్తుందో దాన్ని బట్టి వేయాలి. పాతదాని గాట్లు లెక్కపెట్టి అవే అడగండి. గమ్, షెల్లాక్, ఆయిల్ పెయింట్ ఏవీ వద్దు, మాన్యువల్ చెప్పిన చోట తప్ప. పైకి ఉండాల్సిన వైపున టాప్ అని రాసి ఉంటుంది. తిరగేసి వేస్తే ఆయిల్ దారి మూసుకుపోతుంది, పై భాగమంతా ఎండిపోతుంది.

పాత బోల్టులే మళ్లీ వాడొచ్చా?

పాత జీపుల బోల్టులు, స్టడ్డులు సాగకపోతే, మరలు బాగుంటే వాడొచ్చు. డిగ్రీల లెక్కన తిప్పి బిగించే రకం బోల్టులు ఒకసారి సాగితే పని అయిపోయినట్టే, కొత్తవే వేయాలి. బ్లాక్‌లో బోల్టు రంధ్రాల అడుగున నీళ్లు, ఆయిల్ లేకుండా తుడిపించండి. బయటికి పోయే దారిలేని ద్రవం మీద బోల్టు బిగిస్తే బ్లాక్ పగిలిన సందర్భాలున్నాయి.

టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగువుగా పట్టిందో చూపించే పానా) లేదంటున్నారు. "నా చేతికి తెలుసు" అంటే నమ్మొచ్చా?

ఆయన చేతి మీద గౌరవం ఉంచుకుంటూనే, నమ్మకండి. మధ్య బోల్టులతో మొదలుపెట్టి చుట్టూ బయటికి, మాన్యువల్‌లోని నంబర్ల వరసలో, ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా బిగించాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే హెడ్ ఆ రోజే వంకర పోవడం మొదలెడుతుంది. కొన్ని పాత ఇంజన్లకి కొంత దూరం నడిచాక మళ్లీ టార్క్ చూడమని ఉంటుంది, అలా ఉంటే మర్చిపోకుండా వెళ్లి చూపించుకోండి. ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) సెట్ చేయడం ఎలాగూ ఉంటుంది.

బిగించాక మొదటి రోజు ఏం చేయాలి?

ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా స్టార్ట్ చేయనివ్వొద్దు. ఆయిల్‌లో నీళ్లు కలిసిన బండైతే చవక ఆయిల్ పోసి కాసేపు నడిపి దించేసి, మళ్లీ మంచిది పోయాలి. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఆన్ చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీయండి. లోపల గాలి గడ్డ మిగిలితే కొత్త గ్యాస్కెట్ మొదటి రోజే కాలుతుంది. మొదటి నాలుగు రోజులు పొద్దున్నే నీళ్ల మట్టం చూసుకుంటూ, ఘాట్ జోలికి పోకుండా ఊళ్లోనే తిప్పండి.

ఖర్చు ఎంత అవుతుంది?

బండిని బట్టి, ఊరిని బట్టి చాలా తేడా. గ్యాస్కెట్ ధర చూసి ఖర్చు అంచనా వేయకండి, అందులో అది చిన్న ముక్క. కూలి, ఫేసింగ్, ప్రెషర్ టెస్ట్, వాల్వు సీల్స్, ఆయిల్, కూలెంట్, టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ శుభ్రం, ఇవన్నీ కలిపి రాసివ్వమని ముందే అడగండి. హెడ్ పగిలితే ఏం చేద్దామో కూడా విప్పకముందే మాట్లాడుకోండి. విప్పేశాక బేరం మన చేతిలో ఉండదు.

వేరే హెడ్ వేస్తే ఆర్‌సీలో గొడవవుతుందా? బండి ఓడీ-10 (కోరాపుట్ రిజిస్ట్రేషన్), పని చేయించేది ఆంధ్రాలో.

అవ్వదు. ఇంజన్ నంబర్ బ్లాక్ మీద ఉంటుంది, హెడ్ మారినా నంబర్ మారదు. ఏ రాష్ట్రంలో చేయించినా ఇబ్బంది లేదు. బ్లాక్, అంటే మొత్తం ఇంజన్, మారిస్తే మాత్రం ఆర్టీవో దగ్గర నమోదు చేయించాలి. లేకపోతే పదిహేనేళ్లు దాటి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు నంబర్ కలవక తిప్పి పంపుతారు. బిల్లులు దాచుకోండి.

అన్నీ మార్చాం, మళ్లీ వేడెక్కుతోంది!

ఎక్కువ మంది అడిగేది ఇదే, ఎక్కువ కోపంగా అడిగేది కూడా ఇదే. ఘాట్‌లో మాత్రమే వేడెక్కితే ముందు రేడియేటర్ విప్పించి రాడ్ కొట్టించండి, అంటే గొట్టాల్లో సన్నటి కమ్మీ దూర్చి శుభ్రం చేయించండి. పై ట్యాంక్ తెరిస్తే గొట్టాల్లో సగం తెల్లటి సున్నంతో మూసుకుపోయి ఉండటం మామూలు విషయం. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, నడుస్తుంటే దిగితే ఫ్యాన్ చూడండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే స్విచ్, విస్కస్ అయితే వేడి మీద ఇంజన్ ఆపి, కీ చేతిలో పెట్టుకుని, రెక్కని చేత్తో తిప్పండి, గట్టిగా పట్టాలి, ఊరికే గిర్రున తిరిగితే అది పోయింది. ఖాళీగా వెళ్తే బాగుండి, లోడుతో మాత్రమే వేడెక్కితే డీజిల్ బండికి పంపు టైమింగ్ కూడా చూపించండి. ఇంజన్ బాగా వేడెక్కినా పై పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ చూడండి. కింద పైపు రేస్ ఇచ్చినప్పుడు లోపలికి పీల్చుకుని నొక్కుకుపోతే, ఆ పైపు లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి పోయింది, చవకలో అయిపోయే పని.

ఇవన్నీ చూశాక కూడా పొద్దున్న చల్లటి ఇంజన్‌కి పై పైపు రాయిలా గట్టిపడుతుంటే, హెడ్‌లో చీలిక ఉన్నా ఎవరూ పట్టుకోలేదని లెక్క. అప్పుడు పాత గ్యాస్కెట్, లేత్ షెడ్ బిల్లు చేత్తో పట్టుకుని అదే మెకానిక్ దగ్గరికి వెళ్లండి, ప్రెషర్ టెస్ట్ చేశారా లేదా అని మొదటి ప్రశ్న అదే అడగండి.